బొట్టు పెట్టిన క్యాసెట్లు

మా వదిన ఆ మాట అన్నప్పుడు ఇద్దరం వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాం. చేతిలోని కాయను చిదమకుండా అట్లాగే పట్టుకుని అంది.

"మొఖం యాదికున్నది పిల్లా. గోడకు ఫొటో ఉన్నది గద, రోజు సూస్తనే ఉన్న. గొంతు యాదికొస్తలేదు."

"అదేం మాట వదినా? ఊరవతలికి ఇనవడే గొంతు మా అన్నది."

"పెద్ద గొంతని ఎరుకే. ఎట్లుంటుండెనో తెలుస్తలేదు. కండ్లు మూసుకొని, నన్ను పిలిచినట్టు అనుకుంట. పిలుపు ఒస్తది. గొంతు మాత్రం ఎవలదో ఒస్తది. మొన్నొకపారి మా తమ్ముని గొంతు ఒచ్చింది."

అని నవ్వింది. నవ్వి, కాయ చిదిమి, గింజలు చాటలో వేసి, మళ్ళీ ఇంకో కాయ తీసుకుంది.

అన్న పాటలన్నీ నాకు నోటికి వచ్చు. ఏ చరణం తర్వాత ఏ చరణమో, ఏ పాట ఏ కాలంలో కట్టాడో, ఆ నెల మా ఇంట్లో ఏ బర్రె ఈనిందో కూడా చెబుతాను. చదివింది మూడో తరగతే గానీ చెవిన పడ్డది పోదు నాకు. కానీ గొంతు అనేది చెప్పి ఇచ్చేది కాదు. నా చెవిలో ఉన్నదాన్ని తీసి ఆమె చెవిలో వేయలేను కదా.

మా అన్న పాటలు మీరు వినే ఉంటారు. పెళ్ళి ఊరేగింపులో విని ఉంటారు, నాట్ల దగ్గర విని ఉంటారు, పాలకుర్తి ఆటో ఎక్కితే ఇప్పటికీ వినపడతాయి. అయితే ఆ వినపడే గొంతు అన్నది కాదు. అన్న పాట కట్టి, బాణీ కట్టి, జనగామ రైలుస్టేషను దగ్గర దుకాణంలో కొన్న టేపురికార్డరులో తానే పాడి, ఆ క్యాసెట్టును పట్నంలో కంపెనీకి పంపేవాడు. అక్కడ పాడేవాళ్ళు అది విని నేర్చుకుని, వాద్యాలన్నీ పెట్టుకుని పాడేవాళ్ళు. అట్ట మీద వాళ్ళ ఫొటోలు, లోపల చీమంత అక్షరాల్లో అన్న పేరు. అన్నకు దాని మీద కోపం లేదు. "నా మొఖం ఏస్తే ఎవడన్న కొంటడానే?" అని నవ్వేవాడు.

కొన్ని పాటల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కంపెనీలో కూర్చునే పెద్దమనిషి మన దిక్కు మనిషి కాదు. పాటలో గిట్ల, గట్ల అని ఉంటే వాటిని తీసేసి మంచి మాటలు వేయమన్నాడట. ఆ భాష సినిమాల్లో నవ్వించేవాళ్ళ నోట బాగుంటుంది గానీ ఏడిపించే పాటలో ఎట్లా నడుస్తుంది అన్నాడట. అన్న మా ఇంటికొచ్చి, కంచం ముందర కూర్చుని, ముద్ద కలపకుండా మాతో అన్నాడు: "నాయిన పోయిన్నాడు అవ్వ గిట్లనే ఏడ్సింది. ఇంకెట్ల ఏడ్వాల్నట?"

మాట మార్చలేదు. క్యాసెట్లు తిరిగి వచ్చాయి. అట్లా తిరిగి వచ్చినవి డజనుకు పైనే జమ అయ్యాయి. వాటిలో డప్పు లేదు, హార్మోనియం లేదు, ఉన్నది అన్న గొంతు ఒక్కటే. తర్వాత ఆ భాషకు మంచిరోజులు వచ్చి, సినిమాల్లో హీరోలే గిట్ల గట్ల అంటున్నారు. చూడడానికి అన్న లేడు. పోయి పదేండ్లు దాటింది.

మాది పాలకుర్తి దగ్గర పల్లె. అన్న ఇల్లరికం పోయి కురవి దగ్గర వదిన వాళ్ళ ఊళ్ళో స్థిరపడ్డాడు. అందుకే క్యాసెట్లన్నీ వదిన దగ్గరే, ఇనప్పెట్టెలో ఉండేవి. అన్న ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని వాటి జోలికి పోనిచ్చేవాడు కాదు. "మాటిమాటికి తిప్పకుండ్రి, అరుగుతది" అనేవాడు. ఆయన పోయాక ఆ మాటే వదినకు కట్టుబాటు అయింది. ఒక్కసారి కూడా పెట్టి వినలేదు. టేపురికార్డరు ఎలుకలు కొట్టి పాడైనా బాధపడలేదు. "అవి ఉన్నయ్ గద" అనేది. ఉన్నాయన్న ధైర్యంతోనే బతికింది.

ఆ క్యాసెట్లను ఆమె ఎట్లా చూసుకున్నదో చెప్పాలి.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మేం పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. ఫొటో తుడిచి, దండ వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వండి ముందర పెడతాం. కొందరు కొత్త ధోవతి పెడతారు, కొందరు బీడీకట్ట పెడతారు. మా వదిన క్యాసెట్లు పెట్టేది. పెట్టేముందు ఒక్కొక్కదాన్ని తడిబట్టతో తుడిచి, మధ్యలో ఉండే రెండు బొక్కల చుట్టూ పసుపు రాసి, బొక్కకొక బొట్టు చొప్పున కుంకుమ పెట్టేది. వరుసగా పేరిస్తే అవన్నీ ఎర్రటి కండ్లతో మనల్ని చూస్తున్నట్టే ఉండేవి. సాంబ్రాణి పొగ వేసి, పూజ అయినాక చెమ్మ ఉండకూడదని చాటలో పోసి ఎండకు పెట్టేది. పొద్దు వాలాక పెట్టెలో సర్ది, పైన వేపాకు కప్పేది. కందిపప్పు నిలవ పెట్టినట్టే. కాలు విరిగి మంచంలో ఉన్న ఏడు కూడా క్యాసెట్లు మంచం మీదికే తెప్పించుకుని బొట్లు పెట్టింది. మొగని మీద ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదని ఊరంతా మెచ్చుకునేది. మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పల్లికాయ ఒలిచిన నాటికి కొద్ది రోజుల ముందే కాటారం నుంచి ఒక పంతులమ్మ వచ్చి పోయింది. బళ్ళో పిల్లలకు చెప్పుకుంటూ, సెలవుల్లో ఊళ్ళు తిరిగి పాటలు జమ చేసే పిల్ల. అన్నవి బయటికి రాని పాటలు ఉన్నాయని ఎవరి ద్వారానో విని వెతుక్కుంటూ వచ్చింది.

"అవ్వా, తాత గొంతుతోనే అందరికి ఇనిపిస్తం" అంది. "ఎవ్వల ఫోన్ల వాళ్ళు ఇనొచ్చు."

వదిన అడిగింది ఒక్కటే. "నేను గూడ ఇనొచ్చునా బిడ్డా?"

"ముందుగాల నువ్వే ఇనాలె అవ్వా!"

"తిప్పితే అరుగుతది గద?"

"ఒక్కపారి తిప్పితే కంప్యూటర్ల పడ్తది. ఇగ ఆడికెంచి ఎన్నిసార్లు ఇన్నా అరుగది."

వదిన అప్పుడు ఊ అనలేదు, ఊహూ అనలేదు. గొంతు యాదికి రావడం లేదని నాతో చెప్పిన రోజే, చాట పక్కన పెట్టి లేస్తూ అంది. "పోదాం పిల్లా. నువ్వు గూడ రా. ఏది ఏ పాటనో నీకే ఎరుక."

క్యాసెట్లు ఆడించే మంచి మిషను భూపాలపల్లిలో ఉందట. ఒకప్పుడు రేడియోలు బాగు చేసి, ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు బాగు చేసే పెద్దాయన దుకాణంలో. కురవి నుంచి మానుకోట, అక్కడి నుంచి నర్సంపేట మీదుగా బస్సులు మారి పోవాలి. వదిన అన్న కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. క్యాసెట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి మా చేతుల్లో ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్లు పెడుతూ, "అవ్వా, సంచి పైన పెట్టరాదు, జర జాగ అయితది" అన్నాడు.

"పైన పెట్టేటిది గాదు నాయినా."

"ఏమున్నదే గంత? బంగారమా?"

"మా ఆయన ఉన్నడు."

కండక్టరు సంచి వైపు, వదిన వైపు చూశాడు. తర్వాత, "మొగోళ్ళకు ఫ్రీ లేదవ్వా, టికెట్టు తియ్యాలె" అన్నాడు. బస్సులో ముందు సీట్ల ఆడవాళ్ళందరూ నవ్వారు. వదిన అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమె అంత నవ్వగా నేను చూసి ఎన్నేళ్ళయిందో.

దుకాణం చిన్నది. పంతులమ్మ మాకంటే ముందే వచ్చి కంప్యూటరుకు తీగ తగిలించి కూర్చుంది. పెద్దాయన బల్ల మీద తెల్లకాగితం పరిచి, మొదటి క్యాసెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బొక్కల చుట్టూ ఎండి గట్టిపడ్డ పసుపును గోటితో గీకాడు. చిన్న స్క్రూడ్రైవరుతో మరలు విప్పి, పైచిప్ప లేపాడు.

కుంకుమ రాలింది.

కాగితం మీద ఎర్రగా, చిటికెలు చిటికెలుగా. ఏడాది మీద ఏడాది పడ్డది లోపలికి దిగి, తడికి ముద్ద కట్టి, ఎండకు ఆరి, రీలు పొరల మధ్య పేరుకుంది. పెద్దాయన కాగితం మీదికి వంగి, "గిండ్ల ఏం పోసిన్రు అ..." అని తలెత్తి వదిన ముఖం చూసి మాట మింగేశాడు. పంతులమ్మ నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"ఏందన్నా, ఎర్రగున్నది?" అంది వదిన దగ్గరికొచ్చి.

"తుప్పు అక్కా" అన్నాడాయన. "పాత వాటికి గిట్లనే పడ్తది."

తుప్పుకు ఆ వాసన ఉండదు. దుకాణమంతా పూజ గది వాసన కొట్టింది. అయినా నేనూ తుప్పే అన్నట్టు తలూపాను. పంతులమ్మ తీగ సర్దుకుంది. వదిన పోయి మళ్ళీ స్టూలు మీద కూర్చుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది.

పెద్దాయన దూది స్పిరిట్టులో ముంచి రీలును తుడవడం మొదలుపెట్టాడు. కుంకుమ వచ్చింది. దాని వెనకాల గోధుమరంగు కూడా వచ్చింది. దూదిని నాకు కనపడేట్టు పట్టుకుని, గొంతు తగ్గించి, పాట ఉండేది ఆ గోధుమరంగు పొడిలోనే చెల్లె, అదే ఊడొస్తోంది అన్నాడు. తుడవకపోతే మిషను తీసుకోదు. తుడిస్తే పాట పోతోంది. తుడవమని చెప్పలేను, వద్దని చెప్పలేను. అదేమీ తెలియని వదిన అక్కడ కూర్చుని, ఇప్పుడు వస్తుందన్నట్టు మిషను వైపే చూస్తోంది.

నేను నా పని చేయడానికి తయారుగా కూర్చున్నాను. మొదటి పదం వినపడితే చాలు, పాట చెప్పేస్తాను, పంతులమ్మ రాసుకుంటుంది. మిషనులోంచి రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు వచ్చింది. అంతే వచ్చింది. ఒకటి తిరుగుతూ తిరుగుతూ పుటుక్కున తెగింది. పెద్దాయన అతికించాడు, పక్కనే మళ్ళీ తెగింది. ఇంకొకటి ముద్దకట్టి అసలు కదలలేదు. చాయ్ వచ్చింది, చల్లారింది. ఒక్కొక్క క్యాసెట్టు తీసి పక్కన పెడుతున్నప్పుడల్లా వదిన, "ఇండ్ల లేదా? ఇంకోదాంట్ల ఉంటది" అంది. ఆయనకు ధైర్యం చెబుతున్నట్టే అంది.

సంచి అడుగుకు వచ్చాక ఒకదానిలో వానచప్పుడు సన్నబడింది. దూరం నుంచి ఒక గొంతు వచ్చింది. బావిలోంచి మాట్లాడినట్టు మందంగా, సాగదీస్తూ.

"జర సప్పుడు బంజెయ్యే."

వెంటనే గిన్నె కిందపడ్డ చప్పుడు. తర్వాత మళ్ళీ వాన.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్నే! నన్నే అంటుండు! గిన్నెలు తోముతున్న నేను. పాట పట్టేటప్పుడల్ల గిదే లొల్లి, సప్పుడు సప్పుడని. గా గిన్నె కోపానికే ఏసిన నేను!" అని స్టూలు మీద ఊగి ఊగి నవ్వింది. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అంత పెద్ద పాటగాడి మాటల్లో మిగిలిన మాట అది.

"మల్ల పెట్టు బిడ్డా."

పంతులమ్మ కంప్యూటరులోంచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ నవ్వింది వదిన. ఇంకోసారి పెట్టమంది. ఈసారి నవ్వలేదు. తల పక్కకు వంచి విన్నది.

"మాట ఆయనదే" అంది. "గొంతు ఆయనది గాదు."

"రీలు సాగింది అక్కా" అన్నాడు పెద్దాయన. "సాగితే గొంతు బరువెక్కుతది. కంప్యూటర్ల సదురొచ్చు, మీరు చెప్పుండ్రి."

పంతులమ్మ ఏదో మీట జరిపింది. గొంతు పలచబడింది. "ఇప్పుడు అవ్వా?"

"గాదు."

ఇంకా జరిపింది. చిన్నపిల్లవాడి గొంతు అయింది. "గాదు గాదు." వెనక్కి జరిపింది. "ఇప్పుడు?" వదిన కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు పిల్లా. నీకు యాదికుంటది గద."

అందరూ నా నోటివైపు చూశారు. పంతులమ్మ ఇంతింత జరుపుతోంది. ఒకచోట అన్నే అనిపించాడు. ఆ పక్క చోటికి జరిపితే అక్కడా అన్నే అనిపించాడు. దాని పక్కదీ అంతే. బజారులో తప్పిపోయిన మనిషి కోసం చూస్తుంటే ప్రతి వీపూ అతనిదే అనిపించినట్టు. జరిపినకొద్దీ నా చెవిలో ఉన్నది కలత పడింది.

"గిదే అనుకుంట" అన్నాను ఒక దగ్గర.

"అనుకుంటవా, ఎరుకనా?"

నేను కంప్యూటరు వైపు తిరిగాను. వదిన లేచి, విప్పిన క్యాసెట్లను పెద్దాయన దగ్గర నుంచి తీసుకుంది. ఆయన చిప్పలు మూసి మరలు బిగించి ఒక్కొక్కటి ఆమె చేతిలో పెట్టాడు. చేసిన పనికి ఏమీ తీసుకోలేదు. తిరుగుబస్సులో సంచి పైన పెట్టమని ఎవరూ అనలేదు. వదినే పైన పెట్టింది.

పంతులమ్మ మంచి పిల్ల. ఊరికే వదిలిపెట్టలేదు. నేను చెబుతుంటే పాటలన్నీ రాసుకుని, మానుకోటలో చదువుకునే ఒక అమ్మాయితో పాడించి బయటికి తెచ్చింది. గిట్ల, గట్ల ఒక్కటీ తీయలేదు. ఆ అమ్మాయి చక్కగా పాడింది. విన్నవాళ్ళు మెచ్చుకుంటున్నారు. కొందరు ఫోను చేసి ఏడుస్తున్నారు. అన్న పాటలు మళ్ళీ ఇంకొకరి గొంతుతోనే బయటికి వచ్చాయి.

మొన్న పెత్రమాసకు వదిన దగ్గరికి పోయాను. నేను పోయేసరికే కూరలన్నీ అయ్యాయి, అన్నానికి ఎసరు పెట్టింది. పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర, గారెలు. ఫొటో తుడిచి బంతిదండ వేసింది. నేను పీట మీద కూర్చుని వత్తులు చేస్తున్నాను. వదిన లోపలికి పోయి ఇనప్పెట్టె తెరిచి, క్యాసెట్లు తెచ్చి, ఎప్పటిలాగే ఫొటో ముందర వరుసగా పేర్చింది. తడిబట్ట తీసుకోలేదు. పసుపు కలపలేదు. ఫొటోకు కుంకుమబొట్టు పెట్టి, భరిణె మూత బిగించి, క్యాసెట్లకు దూరంగా గూట్లో పెట్టింది.

నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"తుప్పు పడ్తదంట గద" అంది నా వైపు చూడకుండా.

వత్తి నా వేళ్ళ మధ్య అట్లాగే ఉండిపోయింది. అది కుంకుమేనని ఆ రోజు దుకాణంలో స్టూలు మీద కూర్చున్నప్పుడే తెలిసిందో, తిరుగుబస్సులో తెలిసిందో. తెలిసీ ఇన్నాళ్ళూ ఫోనులో మాట్లాడినప్పుడల్లా వానల గురించీ పత్తి గురించీ చెప్పింది. ఏమైనా అనాలని నోరు తెరిచాను. నీ తప్పేం లేదు అందామంటే, తప్పు అన్న మాట ముందర నేను తెచ్చినట్టవుతుంది. ఊరుకుందామంటే అదే అన్నట్టవుతుంది. వత్తి పూర్తి చేసి కుందిలో వేశాను.

సాంబ్రాణి వేసింది. మొక్కుకుంది. వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఒకటి పాడు పిల్లా."

"ఏది వదినా?"

"వాన పాట."

'గిట్ల' అనే మాట తీయనని అన్న తొలిసారి తిరిగి తెచ్చుకున్న పాట అది. *ఎండిన చేనుకు ఎవలు చెప్పిరే, వాన గిట్ల దారి తప్పిందని...* పాడాను. నాకొచ్చినట్టు, మెల్లగా పాడాను. పల్లవి అయి చరణంలోకి పోతుంటే వదిన చేయి అడ్డం పెట్టింది.

"గట్ల గాదు. ఆయన గట్ల అనకపోతుండె."

"మరెట్ల అంటుండె?"

నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఎత్తుకోబోయి ఆగిపోయింది. "నీకు యాదికున్నది గద, నువ్వే అను ఆయన అన్నట్టు."

కళ్ళు మూసుకున్నాను. ఎన్నేళ్ళుగానో కళ్ళు మూసుకుంటే చాలు, అన్న వచ్చేవాడు. ఈసారి బావిలోంచి వచ్చే ఆ మందపు గొంతు వచ్చింది. జర సప్పుడు బంజెయ్యే. దాన్ని పక్కకు తోసి వెతికాను. మీట జరిపినట్టు పలచనిది వచ్చింది, ఇంకా పలచనిది వచ్చింది. భూపాలపల్లి పోయిన రోజు నుంచీ ఇదే. వదినకు చెప్పలేదు.

"యాదికున్నదా, లేదా?" అంది.

"ఉన్నది వదినా."

"ఎట్లుంటుండె?"

"పెద్దగుంటుండె."

"గది నాకు గూడ ఎరుకే" అంది వదిన. ఫొటో ముందర క్యాసెట్లు బొట్లు లేని కండ్లతో ఇటే చూస్తున్నాయి. పొయ్యి మీద అన్నం గంజి పొంగి బుసబుసమంది. వదిన లేచి పోయింది. మూత చప్పుడు కాకుండా, మెల్లగా, రెండు చేతులతో పట్టి తీసి కింద పెట్టింది.